బ్రాడ్‌వే టికెట్లకు టీడీఎఫ్ సభ్యత్వం: మీ ఇంట్లో అర్హత ఎవరికుందో ముందు చూడండి

మీరు అడిగింది ఇది. జెర్సీ సిటీలో ఉంటున్నారు. మీకు 34 ఏళ్లు, హెచ్‌1బీ ఉద్యోగ వీసా మీద కన్సల్టెన్సీ ద్వారా క్లయింట్ దగ్గర పని. మీ ఆవిడకు 29, ఎంఎస్ అయిపోయి, చదువు ముగిశాక కొంతకాలం ఉద్యోగం చేసుకోనిచ్చే ఓపీటీలో ఉన్నారు. పాపకు అయిదేళ్లు. మే నెలలో మీ అమ్మానాన్నలు వస్తున్నారు. నాన్నగారు రిటైర్డ్ హెడ్‌మాస్టరు, అమ్మగారికి మోకాళ్ల నొప్పులు. వాళ్లకు న్యూయార్క్‌లోని పెద్ద నాటకశాలల్లో ఆడే ఒక మంచి బ్రాడ్‌వే షో చూపించాలని ఉంది గానీ అయిదు టికెట్లకు అయ్యే డబ్బు చూసి వెనకాడుతున్నారు. టీడీఎఫ్ (థియేటర్ డెవలప్‌మెంట్ ఫండ్) అనే సంస్థలో చేరితే బాగా తగ్గుతుందని ఎవరో చెప్పారు. వారాంతంలో పిల్లలకు తెలుగు నేర్పుతున్నారు కాబట్టి టీచర్ కింద చేరవచ్చా, లేక వాట్సాప్ గ్రూపులో చెప్పినట్టు ఫ్రీలాన్సర్ అని టిక్ పెట్టేస్తే సరిపోతుందా అన్నది మీ ప్రశ్న.

మీ సంగతి తర్వాత చూద్దాం. మీ ఆవిడకు మాత్రం అర్హత ఉంది. మీ కుటుంబానికి అది చాలు.

చాలామంది మనవాళ్లు ఇక్కడే పొరబడుతున్నారు. ఇంట్లో సంపాదించే మనిషి తన పేరు మీదే అప్లై చేయాలనుకుంటాడు, ఎవరెవరు చేరొచ్చో చెప్పే లిస్టు చూస్తాడు, ఐటీ ఉద్యోగం అన్న మాట ఎక్కడా కనబడదు, వదిలేస్తాడు. లేదంటే ఏదో ఒక డబ్బాలో టిక్ పెట్టేస్తాడు. నిజానికి సభ్యత్వం ఒక మనిషిది. టికెట్లు ఆ మనిషికీ, ఆ మనిషితో కలిసి వచ్చేవాళ్లకూ. వెంట వచ్చేవాళ్లకు అర్హత ఉందా లేదా అని ఎవరూ అడగరు. కాబట్టి వేసుకోవాల్సిన ప్రశ్న 'మా ఇంట్లో ఎవరికి అర్హత ఉంది' అని.

ఇంకో గందరగోళం కూడా ముందే తీర్చేద్దాం. టైమ్స్ స్క్వేర్‌లో ఎర్ర మెట్ల కింద ఉండే టీకేటీఎస్ కౌంటర్, ఈ టీడీఎఫ్ సభ్యత్వం రెండూ ఒకటి కావు, అయితే నడిపేది ఒకే సంస్థ. థియేటర్ డెవలప్‌మెంట్ ఫండ్ 1968లో పెట్టిన లాభాపేక్ష లేని సంస్థ. టీకేటీఎస్ కౌంటర్‌ని 1973లో తెరిచింది. ఇప్పుడు మీరు చూసే ఎర్ర మెట్లు 2008లో వచ్చాయి. కౌంటర్ దగ్గర ఎవరైనా నిలబడి కొనుక్కోవచ్చు, ఏ అర్హతా అక్కర్లేదు, ఆ రోజు షోలకూ మర్నాటి మ్యాటినీలకూ 20 నుంచి 50 శాతం దాకా తగ్గింపు దొరుకుతుంది. సభ్యత్వం దారి వేరు. ఏడాదికి 40 డాలర్ల చుట్టుపక్కల రుసుము కట్టి చేరాలి, చేరడానికి అర్హత చూపించాలి. ఆ తర్వాత లాగిన్ అయితే రాబోయే రోజుల షోలు కనబడతాయి. చిన్న హాళ్లలో జరిగే నాటకాలు పది, పదిహేను డాలర్లకు మొదలవుతాయి, బ్రాడ్‌వే మ్యూజికల్ (పాటల నాటకం) అయితే 50, 60 డాలర్ల దగ్గర ఉంటుంది. బ్రాడ్‌వేలో సగటు టికెట్టే 120 డాలర్లు దాటిపోయింది కాబట్టి ఇద్దరు కలిసి ఒక్క షో చూసినా కట్టిన రుసుము వచ్చేసినట్టే. ఈ అంకెలు ఎప్పటికప్పుడు మారుతుంటాయి, చేరేముందు వాళ్ల సైట్‌లో ఆ రోజు ధర చూసుకోండి.

అర్హత ఎందుకు పెట్టారో తెలిస్తే మీ ప్రశ్నల్లో సగం వాటంతటవే తేలిపోతాయి. తెర లేచాక ఖాళీగా మిగిలిన సీటుకు విలువ సున్నా. నిర్మాతకు ఆ సీటు 50 డాలర్లకైనా నిండితే మేలే. కానీ అదే సీటును అందరికీ 50కి అని బయట బోర్డు పెడితే 150 పెట్టి కొనడానికి సిద్ధంగా ఉన్నవాళ్లు కూడా ఆ క్యూలోకే వస్తారు. అందుకని మధ్యలో ఒక కంచె కావాలి. పూర్తి ధర పెట్టి ఎలాగూ రాలేనివాళ్లు, తగ్గిస్తే మాత్రం తరచుగా వచ్చేవాళ్లు ఎవరు అని చూసి గీసిన గీత అది. చదువుకునేవాళ్లు, కుర్రకారు, బడి పంతుళ్లు, రిటైర్ అయినవాళ్లు, నెలనెలా ఆదాయం ఖాయంగా లేనివాళ్లు అందుకే ఆ లిస్టులో ఉన్నారు. అంకె ప్రకారం జీతం ఎంత అని అడగరు, ఏ పనిలో ఉన్నారు, వయసెంత అని మాత్రమే చూస్తారు. మంచి పద్ధతి అని నా నమ్మకం. ఈ సభ్యత్వమే లేకపోతే థియేటర్ గడప తొక్కని మనుషులు ఎందరినో నా కళ్లతో చూశాను.

లిస్టులో ఉన్నవాళ్లు వీళ్లు: పూర్తికాల విద్యార్థులు, పూర్తికాల టీచర్లు, యూనియన్ సభ్యులు, రిటైర్ అయినవాళ్లు, ప్రభుత్వ ఉద్యోగులు, లాభాపేక్ష లేని సంస్థల్లో జీతానికి పనిచేసేవాళ్లు, నటన, సంగీతం, నృత్యం లాంటి ప్రదర్శన కళల వృత్తిలో ఉన్నవాళ్లు, సైన్యంలో ఉన్నవాళ్లు, మతాచార్యులు, 18 నుంచి 30 ఏళ్ల లోపువాళ్లు, ఫ్రీలాన్సర్లు, గంటల లెక్కన జీతం తీసుకునేవాళ్లు.

ఇప్పుడు మీ ఆవిడ సంగతి. ఓపీటీలో ఉన్నారు కదా, వీసా ఇంకా ఎఫ్‌1 కదా అని విద్యార్థి కింద పెట్టకండి. పూర్తికాల విద్యార్థి అంటే ఈ సెమిస్టర్‌లో క్లాసులకు రిజిస్టర్ అయి ఉన్న మనిషి. డిగ్రీ చేతికొచ్చి ఓపీటీలో ఉద్యోగం చేస్తున్నవాళ్ల దగ్గర ఈ సెమిస్టర్ రిజిస్ట్రేషన్ కాగితం ఉండదు. కాలేజీ ఐడీ కార్డు పర్సులో ఇంకా ఉండొచ్చు, కానీ చాలా కార్డుల మీద సంవత్సరమే ఉండదు, తేదీ లేని కార్డు ఆధారంగా పనికి రాదు. అదేమీ అక్కర్లేదు కూడా. ఆవిడకు 29 ఏళ్లు. 18 నుంచి 30 అన్న కేటగిరీ ఒక్కటే చాలు. పుట్టిన తేదీ కనబడే డ్రైవింగ్ లైసెన్సో పాస్‌పోర్టో ఉంటే పని అయిపోతుంది. వీసా ఏమిటి, ఉద్యోగం ఉందా లేదా అన్నవి ఆ కేటగిరీకి సంబంధం లేని విషయాలు. హెచ్‌4 డిపెండెంట్ వీసా మీద ఇంట్లో ఉన్న అమ్మాయిలకు కూడా ఇదే మాట చెబుతుంటాను. ఉద్యోగం లేకపోతే ఏ అర్హతా లేదనుకుంటారు, 30 లోపు ఉంటే మాత్రం నిక్షేపంగా చేరొచ్చు.

ఇక మీ సంగతి. తెలుగు బడిలో చెప్పడం గొప్ప పని, అందులో రెండో మాట లేదు. కానీ అది వారానికి రెండు గంటల స్వచ్ఛంద సేవ. టీచర్ కేటగిరీ పూర్తికాలం బడిలోనో కాలేజీలోనో పాఠం చెప్పి జీతం తీసుకునేవాళ్లది. తానా, ఆటా లాంటి అమెరికా తెలుగు సంఘాల్లో కమిటీ మెంబర్‌గా ఉన్నంత మాత్రాన లాభాపేక్ష లేని సంస్థ ఉద్యోగి అయిపోరు, అది కూడా ఇలాంటిదే. అక్కడ జీతం మీద ఉన్న సిబ్బంది అయితే లెక్క వేరు.

ఫ్రీలాన్సర్ అని పెట్టడం గురించి కాస్త గట్టిగానే చెబుతాను. వద్దు. హెచ్‌1బీ మీద ఉన్న మనిషి తన పిటిషన్ వేసిన కంపెనీకి తప్ప సొంతంగా బయట పని చేయకూడదు. నేను ఫ్రీలాన్సర్‌ని అని మీ అంతట మీరే ఒక ఫారంలో రాసి సంతకం పెడితే, మీ వీసాకు సరిగ్గా ఎదురు మాట చెప్పినట్టు. దాని కోసం ఆధారం అడిగితే ఫ్రీలాన్సర్ల ఆదాయం చూపే 1099 లాంటి పన్ను కాగితం చూపాలి, మీ దగ్గర ఉండదు, ఉండకూడదు. ఒక టికెట్టులో 60, 70 డాలర్లు మిగుల్చుకోవడానికి అలాంటి మాట కాగితం మీద పెట్టాల్సిన ఖర్మ ఎవరికీ లేదు. గ్రూపులో చెప్పినాయన 'ఎవరూ చూడరు' అన్నాడన్నారు. ఆధారాలు అడుగుతారు, చూస్తారు. చూడకపోయినా నా సలహా మారదు. ఆ సీట్లు నిర్మాతలు ఇంత తక్కువకు ఇచ్చేది ఆ కంచె నిజంగా పనిచేస్తోందన్న నమ్మకంతోనే. నమ్మకం పోతే ముందు నష్టపోయేది ఆ పిల్లలు, ఆ పంతుళ్లు.

అయితే మీ పేరు మీద న్యాయంగా తెరిచి ఉన్న తలుపు ఒకటి ఉండొచ్చు. మీ పే స్టబ్ (జీతం చీటీ) బయటకు తీసి చూడండి. కన్సల్టెన్సీల్లో డబ్ల్యూ2 మీద, అంటే కంపెనీ ఉద్యోగిగా జీతానికి పనిచేసే మనవాళ్లలో చాలామందికి జీతం గంటల లెక్కన వస్తుంది. స్టబ్‌లో ఎర్నింగ్స్ అని ఉంటుంది, దాని పక్కన రేట్, అవర్స్ అని రెండు గళ్లు. రేట్ గడిలో గంటకు ఇంత అని అంకె ఉండి, అవర్స్ గడిలో ఈ రెండు వారాల్లో మీరు నిజంగా చేసిన గంటలు పడుతూ, సెలవు పెట్టిన వారం ఆ అంకె తగ్గుతుంటే మీరు గంటల కూలీ కిందకే వస్తారు. రేట్ గడి ఖాళీగా ఉండి, లేదా ప్రతిసారీ 80 గంటలు అని అచ్చుపోసినట్టు ఒకే అంకె పడి, పక్కన శాలరీ అని రాసి ఉంటే రారు. ఆ కేటగిరీ హోటళ్లు, దుకాణాలు, గిడ్డంగుల్లో పనిచేసేవాళ్లను మనసులో పెట్టుకుని పెట్టింది, అది నిజం. అందుకే మీలాంటివాళ్లు డబ్బు కట్టకముందే ఒక ఈమెయిల్ రాయడం మర్యాద: ఫలానా పని, గంటల లెక్కన జీతం, స్టబ్ ఇలా ఉంది, ఈ కేటగిరీ కిందకు వస్తానా అని రెండు ముక్కలు. వాళ్లు అవునంటే నిశ్చింతగా చేరండి, కాదంటే మీ ఆవిడ సభ్యత్వం ఎలాగూ ఉంది.

ఏ కాగితం అప్‌లోడ్ చేసినా సోషల్ సెక్యూరిటీ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు నల్లగా కొట్టేసి పంపండి. వాళ్లకు కావాల్సింది పేరు, తేదీ, అర్హత చూపే ఆ ఒక్క వరుస. ఫోన్‌లో మార్కర్‌తో గీస్తే కొన్ని యాప్‌లలో కింద అంకెలు లీలగా కనబడుతూనే ఉంటాయి. కాగితం మీద ప్రింట్ తీసి పెన్నుతో కొట్టేసి మళ్లీ ఫోటో తీయడం మేలు.

ఇది చదివే మిగతావాళ్ల కోసం కొన్ని మాటలు. మన కుటుంబాల్లో అర్హత ఉండి కూడా తెలియని మనుషులు చాలామంది ఉన్నారు. న్యూయార్క్, న్యూజెర్సీ హాస్పిటళ్లలో రెసిడెన్సీ చేస్తున్న డాక్టర్లను తీసుకోండి. చాలా చోట్ల రెసిడెంట్లకు యూనియన్ ఉంది. కమిటీ ఆఫ్ ఇంటర్న్స్ అండ్ రెసిడెంట్స్ అని 1957లో న్యూయార్క్‌లోనే మొదలైంది. జీతంలోంచి ప్రతి నెలా ఆ చందా కట్ అవుతుంటుంది, కానీ తాను యూనియన్ సభ్యుడినన్న ధ్యాసే ఉండదు. యూనియన్ లేని చోట కూడా హాస్పిటల్ లాభాపేక్ష లేని సంస్థ అయితే ఉద్యోగిగా అర్హత ఉంటుంది, ఇక్కడి పెద్ద హాస్పిటళ్లలో ఎక్కువ భాగం అలాంటివే. ప్రైవేటు యూనివర్సిటీలో పోస్ట్‌డాక్ చేసేవాళ్లదీ అదే దారి. సబ్వేలో, పోస్టాఫీసులో, సిటీ ఆఫీసుల్లో పర్మనెంట్ ఉద్యోగాల్లో ఉన్న మనవాళ్లకు యూనియన్ గానీ ప్రభుత్వ ఉద్యోగం గానీ ఏదో ఒకటి కలిసొస్తుంది. అయితే రాష్ట్ర ప్రభుత్వ ఆఫీసులో కూర్చుని పనిచేసే కాంట్రాక్టర్ ప్రభుత్వ ఉద్యోగి కాడు. సీటు ప్రభుత్వానిదే అయినా జీతం వెండర్ ఇస్తాడు, చూసేది జీతం ఎవరిస్తారన్నదే. గుడిలో అర్చకులు మతాచార్యుల కిందకు వస్తారు, అదే గుడి ఆఫీసులో జీతానికి ఉన్నవాళ్లు లాభాపేక్ష లేని సంస్థ సిబ్బంది. ఒక అర్చకులవారి కుటుంబానికి ఇది చెప్పినప్పుడు వాళ్లు మొదట నమ్మలేదు. ఆ తర్వాత వాళ్ల పిల్లలు చూసినన్ని నాటకాలు మా చుట్టుపక్కల ఇంకెవరూ చూసి ఉండరు.

క్యాంపస్‌లో లైబ్రరీలోనో క్యాంటీన్‌లోనో పనిచేస్తూ ఎంఎస్ చదువుతున్న పిల్లలకైతే ఒకటికి మూడు అర్హతలు: విద్యార్థి, 30 లోపు వయసు, గంటల జీతం. వీటిలో ఆధారం చూపడం ఎందులో తేలికో అందులో చేరండి. నా ఓటు వయసుకే, ఎందుకంటే పుట్టిన తేదీ సెమిస్టర్ మారినా మారదు. సభ్యత్వం ఏడాదికే, రెన్యూ చేసేటప్పుడు అప్పటి పరిస్థితికి తగ్గ కేటగిరీ చూసుకోవాలి. 30 దాటాక ఉద్యోగం, చదువు, యూనియన్ వీటిలో ఏది ఉందో వెతుక్కోవాలి.

మీ నాన్నగారి పేరు మీద చేరవచ్చా అని కూడా అడిగారు. రిటైర్ అయినవాళ్ల కేటగిరీ ఉంది నిజమే. ఆయన దగ్గర పెన్షన్ పేమెంట్ ఆర్డర్ కూడా ఉంటుంది. కానీ మూడు నెలల కోసం వచ్చే మనిషికి విడిగా సభ్యత్వం తీసుకోవడం ఎందుకు? మీ ఆవిడ అతిథిగా వస్తే సరిపోతుంది. ఇక్కడే గ్రీన్‌కార్డు మీద స్థిరపడిన అత్తమామలో తల్లిదండ్రులో ఉన్న ఇళ్లలో మాత్రం ఆ కేటగిరీ బంగారం లాంటిది. పెద్దవాళ్లకు బుధవారం మధ్యాహ్నం తీరిక ఉంటుంది, ఆ మ్యాటినీలకు సీట్లు దొరకడం తేలిక. పిల్లలు ఆఫీసులకు వెళ్లాక గోడలు చూస్తూ కూర్చునే పెద్దవాళ్లను నేను ఎందరినో చూశాను. రైలెక్కి వెళ్లి నాటకం చూసి, సాయంత్రం ఇంటికొచ్చి మనవళ్లకు కథ చెప్పగలిగితే వాళ్లకు అమెరికా వేరేగా కనబడుతుంది.

ఇక చేరాక ఏమవుతుందో చెప్పకపోతే మీరు నిరాశ పడే ప్రమాదం ఉంది. ఊరంతా మోగిపోతున్న షో, శనివారం రాత్రి, సెలవుల వారం, ఇవి మూడూ కలిస్తే అక్కడ దొరుకుతాయని ఆశ పెట్టుకోవద్దు. నిండిపోయే హాలుకు తగ్గింపు అవసరం లేదు. దొరికేవి ఎక్కువగా కొత్తగా ప్రివ్యూలు (అధికారిక ప్రారంభానికి ముందు వేసే ఆటలు) మొదలైన షోలు, మాటల నాటకాలు, చాలాకాలంగా ఆడుతూ కాస్త నెమ్మదించిన మ్యూజికల్స్, ఆఫ్ బ్రాడ్‌వేలు, నృత్యం, సంగీత కచేరీలు. బ్రాడ్‌వే అంటే 500, అంతకు మించి సీట్లున్న 41 థియేటర్లు. 100 నుంచి 499 సీట్లవి ఆఫ్ బ్రాడ్‌వే, అంతకన్నా చిన్నవి ఆఫ్ ఆఫ్ బ్రాడ్‌వే. సభ్యత్వం అసలు రుచి ఆ చిన్న హాళ్లలోనే తెలుస్తుంది. నటుడి నుదుటి మీద చెమట కనబడేంత దగ్గర కూర్చుని, బయట భోజనానికి పెట్టే డబ్బులో ఒక నాటకం చూడొచ్చు. బ్రాడ్‌వే పేరు కోసం చేరినవాళ్లు రెండో ఏడాదికి ఈ చిన్న హాళ్ల చుట్టూ తిరుగుతుంటారు.

ఏ షోలు ఎంతకు దొరుకుతున్నాయో ఇక్కడ రాయను. లాగిన్ అయినవాళ్లకే కనబడేలా పెట్టారంటే అందుకో కారణం ఉంది, పైన చెప్పిన కంచె అదే. చేరినవాళ్లు కూడా స్క్రీన్‌షాట్లు గ్రూపుల్లో పెట్టకుండా ఉంటే అందరికీ మంచిది.

జనవరి, ఫిబ్రవరి నెలల్లో చలికి టూరిస్టులు తగ్గి షోల లిస్టు కళకళలాడుతుంది. సెప్టెంబరులో కూడా ఫరవాలేదు. మే నెల కాస్త గిరాకీ ఉన్న కాలం, బ్రాడ్‌వే నాటకాలకు ఇచ్చే టోనీ అవార్డుల సందడి మొదలవుతుంది. కాబట్టి మీవాళ్లు వచ్చిన మొదటి వారమే అని పట్టుబట్టకుండా, వాళ్లు ఉండే మూడు నెలల్లో మామూలు పని రోజు ఒకటి చూసుకోండి. లిస్టు రోజంతా మారుతూ ఉంటుంది, పొద్దున లేనిది సాయంత్రం కనబడుతుంది. ఒక్కో షోకు ఒక్కో సభ్యుడు ఎన్ని టికెట్లు కొనవచ్చో అక్కడే ఉంటుంది. అయిదుగురికీ ఒకే సభ్యత్వం మీద దొరక్కపోవచ్చు. అప్పుడు మీ సభ్యత్వం కూడా కుదిరితే ఇద్దరూ చెరికొన్ని కొనండి, సీట్లు మాత్రం పక్కపక్కన వస్తాయన్న హామీ లేదు. కొన్నాక వెనక్కి ఇవ్వడం, డబ్బు వాపసు అడగడం కుదరదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది మీ అమ్మగారి మోకాళ్లు. ఈ సభ్యత్వంలో సీటు మీరు ఎంచుకోలేరు, వాళ్లు కేటాయించింది తీసుకోవాలి. ఆర్కెస్ట్రా అనే కింది అంతస్తులో రావచ్చు, పైన మెజనైన్‌లో రావచ్చు. బ్రాడ్‌వే థియేటర్లు చాలావరకు వందేళ్ల నాటి కట్టడాలు, మెజనైన్‌కు లిఫ్టు లేనివే ఎక్కువ. కార్పెట్ వేసిన నిటారు మెట్లు రెండు మూడు మలుపులు ఎక్కాలి, ఎక్కాక కూడా వరుసల మధ్య మెట్లే. పైన చాలా చోట్ల పట్టుకోవడానికి ఆధారం ఉండదు. షో అయ్యాక వందల మంది వెనక నుంచి దిగుతుంటే ఆ మెట్ల మీద మోకాళ్ల నొప్పి ఉన్న మనిషి ఎంత టెన్షన్ పడతారో పక్కన నడిచినవాళ్లకు తెలుస్తుంది. టీడీఎఫ్‌కే ట్యాప్ అని ఇంకో కార్యక్రమం ఉంది. మెట్లు ఎక్కలేనివాళ్లు, నడవ పక్కన సీటు కావాల్సినవాళ్లు, చక్రాల కుర్చీ వాడేవాళ్లు, వినికిడి, చూపు సమస్యలున్నవాళ్ల కోసం అది. అమ్మగారి కోసం దాని వివరాలు వాళ్ల సైట్‌లో తప్పక చూడండి. అది కుదరకపోతే ఆవిడ వచ్చే షో ఒక్కదానికి థియేటర్ బాక్సాఫీసుకే వెళ్లి, మెట్లు లేకుండా నడిచి వెళ్లే ఆర్కెస్ట్రా సీటు అని అడిగి కొనండి. బాక్సాఫీసులో కొంటే ఆన్‌లైన్ సైట్లు వేసే సర్వీస్ ఛార్జీ కూడా మిగులుతుంది. అమ్మను తీసుకెళ్లే రోజు తగ్గింపు కోసం చూడొద్దు, మిగతా రోజుల్లో మిగిలిన డబ్బు దానికే అనుకోండి.

ఆటిజం ఉన్న పిల్లలున్న తల్లిదండ్రులకు కూడా ఒక మాట. టీడీఎఫ్ 2011లో ది లయన్ కింగ్‌తో మొదలుపెట్టి, అలాంటి పిల్లల కోసమే ప్రత్యేక ప్రదర్శనలు ఏర్పాటు చేస్తోంది. హాలంతా అలాంటి కుటుంబాలే ఉంటాయి, పెద్ద శబ్దాలు, కళ్లు జిగేలనే లైట్లు తగ్గిస్తారు, పిల్లలు లేచి తిరిగినా అరిచినా ఎవరూ వెనక్కి తిరిగి చూడరు. మన కమ్యూనిటీలో ఈ సంగతి తెలియక ఏళ్ల తరబడి ఏ హాలుకూ వెళ్లని తల్లిదండ్రులు ఉన్నారు. తెలిసినవాళ్లకు చెప్పండి.

నాన్నగారికి ఆ ఇంగ్లిష్ అర్థమవుతుందా అని మీరు చివర్లో అడిగారు. చదవడం బాగా వచ్చిన పెద్దవాళ్లకు కూడా పాటలో వేగంగా దొర్లే అమెరికన్ మాట అందదు. ఫోన్‌లో గాలాప్రో అనే యాప్ వేసుకుని వెళ్లండి. బ్రాడ్‌వేలో చాలా షోలకు దాంట్లో సంభాషణలు అక్షరాల్లో వస్తాయి, స్క్రీన్ నల్లగానే ఉంటుంది కాబట్టి పక్కవాళ్లకు ఇబ్బంది ఉండదు. హెడ్‌మాస్టరు గారు కదా, రెండో అంకానికల్లా యాప్ పక్కన పెట్టేస్తారు. ముందురోజు కథ తెలుగులో చెప్పి ఉంచితే ఇంకా మంచిది. సురభి నాటకాలు చూసిన తరం వాళ్లది. రంగం మీద క్షణంలో కోట మారిపోవడం, మనిషి గాల్లోకి లేవడం వాళ్లకు కొత్త కాదు, అది ఎలా చేశారో అన్నది మనకంటే ముందు వాళ్లే పట్టుకుంటారు.

పాపకు అయిదేళ్లు కాబట్టి ఇబ్బంది లేదు. చాలా థియేటర్లు నాలుగేళ్లలోపు పిల్లల్ని లోపలికి రానివ్వవు, ఒళ్లో కూర్చోబెట్టుకున్నా టికెట్ కొనాల్సిందే. అయిదేళ్ల పిల్లకు రెండున్నర గంటల మాటల నాటకం మాత్రం వద్దు.

ఒకవేళ ఇది చదువుతున్న ఎవరికైనా, ఇంట్లో ఒక్కరికి కూడా ఏ కేటగిరీ తగలకపోతే, వేరే దారులున్నాయి. రౌండబౌట్ అనే నాటక సంస్థ వాళ్ల హిప్‌టిక్స్ 18 నుంచి 40 ఏళ్ల వాళ్లకు, లింకన్ సెంటర్ థియేటర్ వాళ్ల లింక్‌టిక్స్ 21 నుంచి 35 ఏళ్ల వాళ్లకు, రెండింట్లోనూ ఊరికే చేరొచ్చు, ఆ రెండు సంస్థల సొంత నాటకాలకు తక్కువ ధర. మీకు 34 కాబట్టి మీరు ఈ రెండింట్లోనూ ఇవాళే చేరండి, ఇక్కడ ఉద్యోగం ఏమిటని ఎవరూ అడగరు. చాలా షోలకు పొద్దున్నే బాక్సాఫీసు దగ్గర రష్ టికెట్లు, అంటే ఆ రోజు ఆటకు తగ్గించిన టికెట్లు ఇస్తారు, కొన్నిటికి ఆన్‌లైన్ లాటరీ ఉంటుంది. లాటరీ ఒంటరిగానో జంటగానో వెళ్లేవాళ్లకు బాగుంటుంది, కుటుంబానికి పనికిరాదు, మామూలుగా రెండు టికెట్లకు మించి ఇవ్వరు. చలికాలంలో, మళ్లీ సెప్టెంబరులో బ్రాడ్‌వే వీక్ పేరుతో ఒకటి కొంటే ఒకటి ఉచితం అని వస్తుంది, దానికి ఏ అర్హతా లేదు. వేసవిలో మీవాళ్లు ఇక్కడే ఉంటారు కాబట్టి సెంట్రల్ పార్క్‌లో డెలకోర్ట్ థియేటర్ మీద కూడా కన్నేయండి. పబ్లిక్ థియేటర్ వాళ్లు 1962 నుంచి అక్కడ వేసవి నాటకాలు ఉచితంగా వేస్తున్నారు.

కాబట్టి ముందు మీ ఆవిడ పేరు మీద చేరి, వాళ్లు రాకముందే మీరిద్దరూ ఒక చిన్న హాలులో ఏదైనా నాటకం చూసి రండి. టికెట్ ఎలా వస్తుంది, గేటు దగ్గర ఏం చూపాలి, 33వ వీధి పాత్ రైలు స్టేషన్ నుంచి హాలుకు ఎంతసేపు నడవాలి అన్నవన్నీ తెలిసిపోతాయి. ఆలస్యమైతే నాటకంలో అనువైన విరామం వచ్చేదాకా లోపలికి పంపరు. నాన్నగారితో వెళ్లే రోజు మాత్రం బుధవారం రెండు గంటల ఆట పెట్టుకుని, గంట ముందే అక్కడ ఉండేలా బయల్దేరండి. మీ పే స్టబ్‌లో రేట్ గడి ఎలా ఉందో ఇక్కడే కింద రాస్తే, ఈమెయిల్‌లో ఏం అడగాలో చెబుతాను.